చంద్ర ప్రమాణం

ఆ వేసవిలో రాళ్ళగూడూరులో నీటి ఎద్దడి లేదు. ఉందని ఎవరైనా మీతో అంటే నమ్మకండి. ఏప్రిల్ ఇరవై రెండో తారీఖున జిల్లా జలసమృద్ధి విభాగం వారు లేదని కాగితం మీద రాశారు, కింద సంతకం చేశారు, సంతకం మీద సీలు కూడా గుద్దారు. అంత గట్టిగా గుద్దాక ఇంక ఎద్దడి ఎక్కడ మిగులుతుంది?

కాగితం వచ్చిన మర్నాటి నుంచీ క్వారీ కాలనీకి ట్యాంకరు ఆగిపోయింది.

క్వారీ కాలనీ అంటే ఊరికి నాలుగు కిలోమీటర్ల అవతల, నాపరాయి గనుల మధ్య ఇరవై ఎనిమిది ఎకరాల బండ నేల. దాని మీద రేకుల ఇళ్ళు, ఆ ఇళ్ళల్లో పదమూడు వందల నలభై మంది మనుషులు. అందరూ బండలు కోసేవాళ్ళూ, మోసేవాళ్ళూ. అక్కడ ఏడుసార్లు బోరు వేశారు, ఏడుసార్లూ దుమ్మే లేచింది. వారానికి రెండుసార్లు సైదులు అనే డ్రైవరు తోలుకొచ్చే ట్యాంకరే వాళ్ళకి నుయ్యీ, కుళాయీ, వానా అన్నీను.

ఆ ట్యాంకరు ఆగిపోవడానికి కారణం సామ్రాజ్యం టీచరు. ఈ మాట కాలనీలో ఎవరూ అనలేదు. ఆవిడే అనుకుంది, అనుకుని కుమిలిపోయింది.

సామ్రాజ్యం ఇరవై రెండేళ్ళుగా కాలనీ హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెబుతోంది. మంచి మనిషి, కాస్త ముక్కు మీద కోపం. ఆవిడకి ఒకటే జబ్బు. ఎవరైనా సైన్సు ప్రశ్న అడిగితే ఉన్నది ఉన్నట్టు జవాబు చెప్పకుండా ఉండలేదు. బళ్ళో అది గుణం. ఆఫీసుల్లో అదెంత ప్రమాదమో ఆవిడకి యాభై ఆరేళ్ళు వచ్చినా తెలియలేదు.

ఆ ఏడాది జిల్లా అంతటికీ చంద్రుడి పిచ్చి పట్టింది. బస్టాండు ఎదురుగా ఉన్న టిఫిను హోటలు పేరు మార్చి చంద్రలోకం అని పెట్టారు. కోచింగు సెంటర్ల వాళ్ళు మీ పిల్లల్ని చంద్రుడి మీదికి పంపుతామని గోడల మీద రాయించారు. అందరూ చంద్రుడి వైపు పోతుంటే తాము వెనకబడిపోతామని జలసమృద్ధి విభాగం వారికి దిగులు పట్టుకుంది. ఆఫీసు గోడ మీదున్న కాలవల మ్యాపు తీసేసి చంద్రుడి బొమ్మ తగిలించి, మార్చి నెలలో ‘నీరు, చంద్రుడు, మన జిల్లా’ అనే అంశం మీద ఉన్నతస్థాయి సమావేశం పెట్టారు. సైన్సు తెలిసిన మనిషి ఒకరుంటే బాగుంటుందని సామ్రాజ్యాన్ని పిలిచారు. ఎన్నికలకీ, జనాభా లెక్కలకీ, వీధి కుక్కల లెక్కలకీ కూడా టీచర్లనే పిలుస్తారు గనక ఆవిడేమీ ఆశ్చర్యపోకుండా బస్సెక్కింది.

అధ్యక్షులు పరాంకుశం గారు. జిల్లా సమన్వయకర్త. నిండైన మనిషి, నిండైన గొంతు. మంచినీళ్ళు తాగేటప్పుడు కూడా ‘ఇందుమూలముగా’ అని మొదలుపెడతారని గిట్టనివాళ్ళు అంటారు.

“టీచర్‌గారూ, సూటిగా అడుగుతున్నాను. చంద్రుని యందు నీరు కలదా, లేదా?” అన్నాడాయన.

“ఉంది సార్. కాకపోతే...”

“కలదు అని రాయండి భుజంగం గారూ” అన్నాడు పరాంకుశం. పక్కనే కూర్చున్న సూపరింటెండెంటు భుజంగం రాసేశాడు. భుజంగం రాసింది కొట్టెయ్యడం ఇరవై ఏళ్ళ సర్వీసులో ఎన్నడూ జరగలేదు.

“కాకపోతే అది నామమాత్రం సార్. ధ్రువాల దగ్గర ఎండ పడని గుంటల్లో గడ్డకట్టి ఉంటుంది. ఎండ పడే చోట మట్టిలో ఉందంటే ఉంది, లేదంటే లేదు. ఒక ఘనపు మీటరు మట్టి తవ్వితే ఓ చిన్న సీసాడు, మూడొందల యాభై మిల్లీలీటర్లు. మన ఎడారి ఇసకలో కూడా దానికి వంద రెట్లు తడి ఉంటుందంటారు” అంది సామ్రాజ్యం.

పరాంకుశం కుర్చీలో ముందుకు జరిగాడు. “ఎడారిలో వంద రెట్లా? అలాంటప్పుడు మన జిల్లాలో ఎక్కడ గీకినా చంద్రుని కన్నా ఎక్కువే ఉండాలి కదా?”

“అది ఉంటుంది సార్, కానీ ఆ నీళ్ళు తాగడానికి...”

“ఉంటుంది అని రాయండి.”

భుజంగం రాశాడు. ఆవిడ కంగారుపడి, నీళ్ళుంటే ఏమవుతుందో లేకపోతే ఏమవుతుందో కళ్ళకు కట్టినట్టు చూపిస్తే అర్థమవుతుందనుకుంది. టీ తాగిన కాగితం గ్లాసు ఒకటి కడిగించి, నిండా నీళ్ళు పోసి, కొవ్వొత్తి మంట మీద పట్టుకుంది. మంట గ్లాసు అడుగుని నాకుతోంది గానీ కాగితం అంటుకోలేదు. నీళ్ళు కాగుతున్నాయి, గ్లాసు మాత్రం చెక్కుచెదరలేదు.

“చూశారా సార్. మంట వేడినంతా నీళ్ళు గ్రహిస్తున్నాయి. ఎంత గ్రహించినా ఓ పట్టాన వేడెక్కవు. నీళ్ళకున్న గొప్పతనమే అది. చంద్రుడి మీద ఆ నీళ్ళు లేవు, గాలీ లేదు. అందుకే అక్కడ పగలు నూరు డిగ్రీలు దాటి మాడుతుంది. మా కాలనీ కూడా అట్లాగే ఉంది సార్. మాక్కావలసింది...”

“నీరు గ్రహించును!” అన్నాడు పరాంకుశం, చేతులు రెండూ ఎత్తి. “ఏం మాటన్నారు టీచర్‌గారూ! నీటికి సైతం గ్రహింపు ఉన్నది. పరిస్థితిని గ్రహించి వేడెక్కకుండా నిబ్బరంగా ఉన్నది. ప్రజలే ఏదీ గ్రహించక మాటిమాటికీ వేడెక్కి ధర్నాలు చేస్తున్నారు. రాయండి, రాయండి.”

సామ్రాజ్యం నోరు తెరిచింది. ‘గ్రహించడం’ అంటే ఇక్కడ తెలుసుకోవడం కాదనీ, పీల్చుకోవడమనీ చెబుదామనుకుంది. అప్పటికే అందరూ చప్పట్లు కొడుతున్నారు.

ఆ సమావేశం ఫలితమే చంద్ర ప్రమాణం. ఏ ప్రాంతపు నేలలో చంద్రుని నేల కన్నా నీరు ఎక్కువ ఉంటుందో సదరు ప్రాంతం జలసమృద్ధ ప్రాంతమని పరిగణించబడును. సదరు ప్రాంతానికి ట్యాంకరు అక్కరలేదు. ఒక్క కాగితంతో జిల్లాలో నాలుగు వందల పన్నెండు ఊళ్ళల్లో ఎద్దడి మాయమైపోయింది. ఇన్నేళ్ళ నుంచీ ఇంత తేలిక ఉపాయం ఎవరికీ ఎందుకు తట్టలేదా అని పైవాళ్ళు కూడా ముక్కున వేలేసుకున్నారట.

“ఏంది అమ్మాయ్, చందమామ మీద నీళ్ళుండాయని నువ్వు చెప్పావంటగా?” అని అడిగింది పిచ్చమ్మ.

పిచ్చమ్మ బడి పక్క ఇంటి ముసలమ్మ. నలభై ఏళ్ళు బండలకు పాలీషు పట్టి, చేతులు అరిగిపోయి, ఇప్పుడు నోటితో అందరికీ పాలీషు పడుతూ ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా సామ్రాజ్యం మధ్యాహ్నం క్యారేజీ విప్పేది ఆవిడ అరుగు మీదే.

“చెప్పాను పిన్నీ. అడిగారు, చెప్పాను.”

“ఉంటే ఉండాయి. ఆణ్ణించి ఒక ట్యాంకరు తోలుకురమ్మను ఆ మారాజుని. మేము మూడు రోజుల్నించి మైలు దూరం పోయి పాత గనిలో అడుగూబొడుగూ తోడుకొత్తన్నాం. కప్పలు గూడా తిట్టుకుంటన్నయ్.”

సామ్రాజ్యానికి అన్నం సహించలేదు. క్యారేజీ మూసేసి ఆ మధ్యాహ్నమే ఆఫీసుకి పోయి పరాంకుశం ఎదుట నిలబడింది. ఆయన కోప్పడలేదు సరిగదా, కుర్చీ చూపించాడు.

“మేము మాత్రం మనుషులం కామా టీచర్‌గారూ? శాస్త్రబద్ధంగా ఉండండి, మీకే న్యాయం చేస్తాం. మీ కాలనీ చంద్రుని కన్నా పొడిగా ఉన్నదని నిరూపించండి. అదే రోజున ట్యాంకరు మంజూరు. సదరు పరీక్షకు మిమ్మల్నే ఆర్ద్రతా పరిశీలకురాలిగా నియమిస్తున్నాం. వేసవి సెలవులు వస్తున్నాయి గదా, ఊరికే ఉండటం దేనికి?”

మే నెల మూడో తారీఖున పరీక్ష పెట్టారు. నీరున్న మట్టి నెమ్మదిగా వేడెక్కుతుందనీ, నీరు లేనిది తొందరగా వేడెక్కుతుందనీ టీచర్‌గారే స్వయంగా సెలవిచ్చారు గనక రెండు మట్టుల్నీ రెండు పొయ్యిల మీద పెట్టి, ఏది ముందు కాగితే అది పొడిదని తేల్చాలి. కాలనీ మట్టి అంటే బండపొడి, ఎంత కావాలంటే అంత ఉంది. చంద్రుడి మట్టి మాత్రం విభాగం వారి దగ్గర నిలువ లేదు. అందుకని కిలో సున్నపుబట్టీ బూడిద తీసుకుని, లెక్క ప్రకారం నాలుగు చుక్కల నీళ్ళు కలిపి, గాజు సీసాలో పోసి, లక్కతో సీలు వేసి, ‘ప్రామాణిక చంద్రుడు’ అని చీటీ అంటించి జీపులో తెచ్చారు. దారిలో ఒలికిపోకుండా భుజంగం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

“సార్, బూడిద వేరు, బండపొడి వేరు. పైగా నాలుగు చుక్కలకి తేడా థర్మామీటరుకి ఆనదు” అంది సామ్రాజ్యం.

“సందేహాలు పరీక్ష అనంతరం లిఖితపూర్వకంగా ఇవ్వండి” అన్నాడు పరాంకుశం.

కాలనీ అంతా చుట్టూ మూగింది. రెండు గ్యాసు పొయ్యిలు వెలిగించారు. బండల మీంచి వడగాలి మొదలైంది. ఆ గాలికి చంద్రుడి కింది మంట ఒక పక్కకి వాలిపోయి కొట్టుకుంటోంది. కాలనీ కింది మంటకి జీపు అడ్డం ఉండటంతో అది నిటారుగా ఎగదన్నుతోంది. సామ్రాజ్యం ఆ సంగతి చూసింది. ఇది పరీక్ష కాదు, పొయ్యిని సరిచెయ్యండి అని అరవవలసిన మనిషి జన్మలో మొదటిసారి నోరు మూసుకుని నిలబడింది.

పదకొండు నిమిషాల్లో కాలనీ కాగిపోయింది. చంద్రుడికి పంతొమ్మిది పట్టింది.

“ఓడిపోయాం! చందమామ చేతిలో మనం ఓడిపోయాం!” అని జనం ఈలలు వేశారు. సైదులు ట్యాంకరు తాళాలు గాల్లోకి ఎగరేసి పట్టుకున్నాడు. పిచ్చమ్మ సామ్రాజ్యం బుగ్గలు పుణికి మెటికలు విరిచింది.

పరాంకుశం మొహం మాత్రం మాడిపోయింది. ఒక కాలనీ పొడిదని ఒప్పుకుంటే రేపు మిగతా నాలుగు వందల పదకొండూ పొయ్యిలు పట్టుకుని బయల్దేరతాయి. ఆయన చంద్రుడి సీసా వంక కాసేపు, జనం వంక కాసేపు చూశాడు. ఈలలు వేస్తున్న జనం, చెమటలు కారుతున్న జనం, పదమూడు వందల నలభై మంది. ఉన్నట్టుండి ఆయన మొహం వికసించింది.

“టీచర్‌గారూ, ఒక చిన్న శాస్త్రీయ సందేహం. మానవ శరీరంలో నీరు ఎంత శాతం?”

చెప్పకూడదని ఆవిడకి తెలుసు. పళ్ళ బిగువున ఆపుకుంది. కానీ ఎదుట ఎనిమిదో తరగతి పిల్లలు నిలబడి ఉన్నారు, మొన్ననే ఆ పాఠం చెప్పింది. వాళ్ళే కోరస్సుగా అరిచేశారు, “అరవై శాతం సార్!”

“రాయండి భుజంగం గారూ” అన్నాడు పరాంకుశం.

వారం తిరక్కుండా సవరణ ఉత్తర్వు వచ్చింది. పైన ఉదహరించిన పరీక్షలో నేలను మాత్రమే లెక్కించుట శాస్త్రసమ్మతము కాదు. చంద్రునిపై మనుష్యులు లేరు, కాలనీలో కలరు. కావున ఇరవై ఎనిమిది ఎకరాల చంద్రుని నేలలో మీటరు లోతున లభించు నలభై వేల లీటర్లను ప్రమాణముగా తీసుకుని, కాలనీలో గల సమస్త నీటిని, అనగా నివాసుల శరీరములందు నిలువ ఉన్న నీటితో సహా లెక్కించవలెను. ఇకపై నివాసులను ‘సంచార జలాశయములు’గా వ్యవహరించవలెను.

సామ్రాజ్యం ఆ కాగితం పట్టుకుని ఆఫీసులో అగ్గిరాముడైపోయింది. “సార్, అవి తోడుకునే నీళ్ళు కావు. నెత్తురు సార్, కండ సార్! మనిషి బతకాలంటే రోజూ బయట నుంచి పొయ్యాలి.”

“జలాశయానికి రోజూ ఇన్‌ఫ్లో ఉండాలని నిబంధన ఏమీ లేదు టీచర్‌గారూ. నిలువ ఉన్నదా లేదా అన్నదే ప్రశ్న.”

రేషను షాపులో బియ్యం తూచే కాటా కాలనీ నడిమధ్య పెట్టారు. ఒక్కొక్కరినీ ఎక్కించడం, బరువు చూడటం, అందులో అరవై శాతం లీటర్లుగా రాసుకోవడం. చంటిపిల్లల్ని తల్లుల చంకలో ఉండగానే తూచారు. బరువు తగ్గిస్తే ట్యాంకరు వస్తుందని కొందరు చెప్పులు వదిలేసి, మొలతాళ్ళు విప్పేసి ఎక్కారు. పిచ్చమ్మ నలభై రెండు కిలోలు తూగింది.

“ఇరవై అయిదు లీటర్లు” అన్నాడు భుజంగం రాసుకుంటూ.

“నాలోనా? ఇరవై అయిదా? ఎప్పుడూ చెప్పలేదేందయ్యా ఈ సంగతి! ఇంతకీ పంపు ఏడ బెట్టారో చెప్తే రెండు బిందెలు పట్టుకుపోతా” అంది పిచ్చమ్మ. కాటా చుట్టూ ఉన్నవాళ్ళు పడీపడీ నవ్వారు. భుజంగానికి కూడా నవ్వొచ్చింది గానీ డ్యూటీలో ఉన్నాడు కనక దగ్గేసి ఊరుకున్నాడు.

మొత్తం నలభై వేల పద్దెనిమిది లీటర్లు తేలింది. పద్దెనిమిది లీటర్ల తేడాతో క్వారీ కాలనీ చంద్రుణ్ణి గెలిచింది. పరాంకుశం స్వయంగా వచ్చి ‘జలసమృద్ధ కాలనీ’ అని అద్దం కట్టించిన పత్రం ఇచ్చి, సామ్రాజ్యానికి శాలువా కప్పాడు. నలభై ఆరు డిగ్రీల ఎండలో ఆ శాలువా కప్పుకుని ఆవిడ ఫోటో దిగవలసి వచ్చింది. ఆ ఫోటోలో ఆవిడ ఏడుస్తోందని ఎవరూ అనుకోరు, ఉక్కపోత అనుకుంటారు.

దాని తోకన ఇంకో కాగితం కూడా వచ్చింది. నీరు గల కాగితం గ్లాసు మంటపై కాలకపోవుట సమావేశమందు ప్రత్యక్షముగా నిరూపించబడినది. మానవుడు అరవై శాతం నీరు. కావున మానవునికి వడదెబ్బ తగులుట శాస్త్రవిరుద్ధము. ఇకపై వడదెబ్బ కేసులు నమోదు చేయరాదు.

సామ్రాజ్యం ఊరుకోలేదు పాపం. ప్రతి సోమవారం అర్జీ పట్టుకుని వెళ్ళింది. మనిషి ట్యాంకు కాదని పుస్తకాలు తీసుకెళ్ళి చూపించింది, బొమ్మలు వేసి చూపించింది, చివరికి చేతులు జోడించింది. ప్రతిసారీ పరాంకుశం శ్రద్ధగా విన్నాడు. “మీ ఆవేదన గ్రహించాం” అన్నాడు. ఆయన గ్రహించినా నీళ్ళలాగే ఏమాత్రం వేడెక్కలేదు. ఆవిడ రోజూ ఊళ్ళోంచి స్కూటరు మీద రెండు క్యాన్లు తెచ్చి బడి పక్క నాలుగిళ్ళకి పోసేది. రెండు క్యాన్లు నాలుగిళ్ళకి ఏమూలకి?

పాత గనిలో నీళ్ళు మే పదిహేనుకల్లా బురదైపోయాయి. ఆడవాళ్ళు ఇంకో రెండు మైళ్ళు దాటి పోతున్నారు. పద్దెనిమిదో తారీఖున సామ్రాజ్యం స్కూటరు టైరు పంక్చరై రాలేకపోయింది. టీచరమ్మ రాలేదు, పొరుగింటి బాలింతకి చుక్క నీళ్ళు లేవు అని పిచ్చమ్మ బిందె తీసుకుని బయల్దేరింది. మిట్టమధ్యాహ్నం బండల మధ్య దారిలో పడిపోయి ఉంటే లారీ వాళ్ళు చూశారు. ఒళ్ళు పెనంలా కాలిపోతోందట. చెమట పుట్టడానికి కూడా ఒంట్లో చెమ్మ లేదట. ఆసుపత్రికి తీసుకుపోయేలోపు ప్రాణం పోయింది.

సామ్రాజ్యం వచ్చేసరికి అరుగు మీద పడుకోబెట్టారు. ఇరవై రెండేళ్ళు తను అన్నం తిన్న అరుగు. పిచ్చమ్మ కాళ్ళ దగ్గర కూలబడి, “నేను చంపాను పిన్నీ నిన్ను” అని చిన్నపిల్లలా వలవలా ఏడ్చింది. ఎవరూ ఓదార్చలేకపోయారు.

మర్నాడు భుజంగం రిజిస్టరు చంకన పెట్టుకుని వచ్చాడు. పాపం అతని కళ్ళు కూడా ఎర్రగానే ఉన్నాయి.

“అమ్మా, నిలువలో తగ్గుదల కనబడిందని పైనుంచి ఫోను వచ్చింది. ఇరవై అయిదు లీటర్లు కొట్టెయ్యాలి. నేను కొట్టెయ్యకూడదు, పరిశీలకురాలు మీరు గనక మీరే కొట్టెయ్యాలి. కారణం అనే గడిలో ఏదైనా రాయాలి. వడదెబ్బ అని మాత్రం రాయొద్దన్నారు.”

“మరేం రాయమన్నారు?”

“లీకేజీ అని రాయమన్నారమ్మా” అని తలొంచుకున్నాడు.

సామ్రాజ్యం ఆ రిజిస్టరు తీసుకుని అతని మొహాన విసిరికొడదామనుకుంది. చెయ్యి కూడా ఎత్తింది. అంతలో మొత్తం గడి మీద కన్నుపడింది. నలభై వేల పద్దెనిమిదిలోంచి ఇరవై అయిదు పోతే ముప్పై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై మూడు. నలభై వేలకి ఏడు లీటర్లు తక్కువ. కాలనీ చంద్రుడి కన్నా పొడిదైపోయింది. ట్యాంకరు రావాలి, వచ్చి తీరాలి, వాళ్ళ ఉత్తర్వు ప్రకారమే రావాలి. ఆవిడ పళ్ళు కొరుక్కుంటూ పిచ్చమ్మ పేరు కొట్టేసింది. కారణం గడిలో ఏమీ రాయకుండా కింద సంతకం చేసింది.

రెండో రోజున ట్యాంకరు వచ్చింది. ముందు జీపు, వెనక ట్యాంకరు. ట్యాంకరుకి మామిడాకులు కట్టారు. నెల రోజుల తర్వాత వచ్చిన బండిని చూసి జనం బిందెలు కొట్టుకుంటూ ఎదురెళ్ళారు. పరాంకుశం రిబ్బను కత్తిరించి, ముందు అందరికీ దాహం తీర్చి తర్వాత బిందెలు నింపాలని ఆజ్ఞాపించాడు. సైదులు గ్లాసులు నింపి ఇస్తున్నాడు. పదమూడు వందల ముప్పై తొమ్మిది మంది వరస కట్టారు.

పరాంకుశం అరచేతిలో ఏదో లెక్క వేసుకుంటున్నాడు. ముప్పై అయిదో గ్లాసు అయ్యేసరికి చెయ్యెత్తి, “ఆపండి!” అన్నాడు.

సైదులు గొట్టం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. “ఏమైంది సార్?”

“గ్లాసుకి రెండు వందల మిల్లీలీటర్లు. ముప్పై అయిదు గ్లాసులకి ఏడు లీటర్లు. సదరు నీరు నివాసుల శరీరాల్లో చేరింది గనక కాలనీ నిలువ తిరిగి నలభై వేలకు చేరుకున్నది. కాలనీ మళ్ళీ జలసమృద్ధమైంది. ట్యాంకరు వెనక్కి తిప్పండి. శుభాకాంక్షలు.”

ముప్పై ఆరోది ఆ బాలింత. పసిగుడ్డుని ఎత్తుకుని, గ్లాసు కోసం చాచిన చెయ్యి అట్లాగే ఉంచేసింది. సైదులు సామ్రాజ్యం వంక చూశాడు. “ఆపమంటావా టీచరమ్మా? నువ్వు చెప్పు. నీ మాట ఇంటా, ఆయన మాట ఇనను.”

ఇన్నాళ్ళూ ఆవిడ విభాగం వాళ్ళకి నిజం చెప్పింది. పుస్తకం తెరిచి చెప్పింది, చేతులు పట్టుకుని చెప్పింది. వాళ్ళ భాషలో ఒక్కసారి కూడా చెప్పలేదు. ఇప్పుడు కడుపు మండిపోయి, భుజంగం చేతిలోని రిజిస్టరు లాక్కుని వాళ్ళ భాషలోనే మొదలుపెట్టింది.

“సార్, తమరు ఇన్‌ఫ్లో మాత్రమే లెక్కించారు. అవుట్‌ఫ్లో మాటేమిటి? ఈ ఎండలో మనిషికి గంటకి తక్కువలో తక్కువ పావు లీటరు చెమట పోతుంది. ఒంట్లో వేడిని మోసుకుని బయటికి పోతుంది. మీరు మెచ్చుకున్న గ్రహింపు అదే. పదమూడు వందల ముప్పై తొమ్మిది సంచార జలాశయాలకి గంటకి మూడు వందల ముప్పై లీటర్లు ఆవిరి. మీరు రిబ్బను కత్తిరించి ఉపన్యాసం ఇచ్చిన అరగంటలో నూట అరవై లీటర్లు పోయాయి. మీరిచ్చింది ఏడు. కాలనీ నిలువ క్షణక్షణానికీ పడిపోతోంది. ఈ బండి తిప్పారంటే సాయంత్రానికి చంద్రుడు మనకంటే వెయ్యి లీటర్లు ముందుంటాడు. అప్పుడు సంజాయిషీ మీరే చెప్పుకోవాలి.”

పరాంకుశం తన చొక్కా వంక చూసుకున్నాడు. చంకలు, వీపు తడిసి ముద్దయి ఉన్నాయి. ఆయన వేలితో నుదురు తుడిచి, ఆ తడిని చాలాసేపు పరిశీలించాడు.

“శాస్త్రీయంగా ఉన్నది. రాయండి భుజంగం గారూ. చెమట కారణంగా నిత్య తగ్గుదల. ట్యాంకరు రోజూ వచ్చుగాక.”

సైదులు గొట్టం తిప్పాడు. బాలింత గ్లాసు అందుకుని గటగటా తాగింది, రెండోది తాగింది, మూడోదాంతో పసిదాని పెదాలు చుక్క చుక్కగా తడిపింది. జనం టీచరమ్మకి జై కొట్టారు. సామ్రాజ్యం జై వినలేదు. ఆవిడకి ఒక్కటే లెక్క తలలో తిరుగుతోంది. ఇదే చెమట, ఇదే గుణకారం, కాటా పెట్టిన రోజునే చెప్పి ఉంటే? పద్దెనిమిది లీటర్లు పోవడానికి ఎన్ని నిమిషాలు పట్టేది? నాలుగు నిమిషాలు కూడా పట్టేది కాదు.

జూన్ మొదటివారంలో విభాగం నుంచి ఆవిడ పేర ఒక మెమో వచ్చింది. నివాసుల చెమటను లెక్కించు విధానము పరిశీలకురాలికి ముందే తెలిసి ఉన్నప్పటికీ, సకాలంలో నివేదించని కారణమున ట్యాంకరు జాప్యమైనది. తత్ఫలితముగా ఇరవై అయిదు లీటర్ల జలాశయమొకటి శాశ్వతముగా నష్టమైనది. సదరు జాప్యానికి బాధ్యత మీదే ఎందుకు కాదో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.

సామ్రాజ్యం పిచ్చమ్మ అరుగు మీద కూర్చుని ఆ మెమో రెండుసార్లు చదివింది. మూడోసారి ఎర్ర పెన్ను తీసి, పిల్లల పరీక్ష కాగితాలు దిద్దినట్టు ఒక్కొక్క వాక్యమే దిద్దబోయింది. జలాశయం అన్న చోట పిచ్చమ్మ అని దిద్దింది. నష్టమైనది అన్న చోట చనిపోయింది అని దిద్దింది. మిగిలినదంతా ఎంతసేపు చూసినా తప్పు ఎక్కడా దొరకలేదు.